అమెరికా కోర్టుల్లో జాతివివక్ష: సినిమా కెమెరాకు దొరికేది, దొరకనిది

మీరు అడిగింది ఇది: "12 యాంగ్రీ మెన్, టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్, జస్ట్ మెర్సీ చూశాను. అమెరికా న్యాయవ్యవస్థలో నల్లజాతివాళ్ళ మీద వివక్ష నిజంగా ఇలాగే ఉంటుందా? సినిమా కోసం పెంచి చూపిస్తారా? ఇంకా ఏవి చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది?"

ముందు నా గురించి రెండు ముక్కలు. అమెరికాలో పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో చాలాకాలం పనిచేశాను. లాయరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిల తరఫున, ప్రభుత్వం ఇచ్చే జీతం మీద వాదించే ఉద్యోగం అది. ఇప్పుడు లా విద్యార్థులకు చట్టం, సినిమా కలిపి ఒక పేపరు చెబుతున్నాను. వీటిలో కొన్ని సినిమాలను క్లాసు కోసం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

సూటిగా జవాబు: పెంచి చూపించడం చాలా తక్కువ. కొన్నిచోట్ల తగ్గించే చూపిస్తారు. అసలు తేడా వేరేచోట ఉంది. సినిమాలో వివక్ష ఒక చెడ్డ మనిషి మనసులో ఉంటుంది. కోర్టులో అది రోజువారీ పనిలో కలిసిపోయి ఉంటుంది. జ్యూరీలోంచి (దోషో కాదో తేల్చే మామూలు పౌరుల బృందం) ఎవరిని తీసేశారు, బెయిల్ ఎంత పెట్టారు, ఎవరి మీద ఏ అభియోగం మోపారు, ఎవరితో ఏ బేరం కుదిరింది - ఇవన్నీ ఫైళ్ళ మీద జరిగిపోయే పనులు. వాటిలో అరుపులుండవు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌కి చోటుండదు. అందుకే సినిమా వాటిని దాటేసి నేరుగా విచారణ రోజుకు వెళ్ళిపోతుంది. విచారణ రోజు వచ్చేసరికే సగం కథ అయిపోయి ఉంటుందని ఆ ఉద్యోగం చేసినవాళ్ళందరికీ తెలుసు.

దీనికి చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. వారెన్ మెక్లెస్కీ అనే నల్లజాతి వ్యక్తికి జార్జియా రాష్ట్రంలో ఒక తెల్ల పోలీసు అధికారిని చంపాడన్న కేసులో మరణశిక్ష పడింది. అతని లాయర్లు సుప్రీంకోర్టు ముందు ఒక అధ్యయనం పెట్టారు. జార్జియాలో రెండు వేలకు పైగా హత్య కేసులను పరిశీలించి, మిగతా కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, చనిపోయింది తెల్లవాళ్ళయితే మరణశిక్ష పడే అవకాశం 4.3 రెట్లు ఎక్కువని అందులో తేల్చారు. 1987లో కోర్టు ఆ లెక్క తప్పనలేదు. లెక్క సరైనదే అనుకున్నా సరే, ఈ ముద్దాయి విషయంలో ఫలానా వ్యక్తి కావాలనే వివక్ష చూపాడని రుజువు చెయ్యండి అంది. 5-4 తేడాతో అప్పీలు కొట్టేసింది. 1991లో శిక్ష అమలైంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ లూయిస్ పవెల్‌ను రిటైరయ్యాక ఆయన జీవితచరిత్ర రాసిన రచయిత అడిగాడు, మీ ఓట్లలో ఏదైనా మార్చుకోవాలనుందా అని. ఆయన ఈ కేసు పేరే చెప్పాడు.

అంటే కోర్టు ఏమడిగిందో చూడండి. ఒక విలన్‌ను చూపించండి అంది. కథ రాసుకునేటప్పుడు నిర్మాత అడిగేదీ అదే.

జ్యూరీ ఎంపిక: సినిమా మొదలవకముందే అయిపోయే సీను

మీరు '12 యాంగ్రీ మెన్' (1957) పేరు ముందు చెప్పారు కాబట్టి అక్కడి నుంచి వస్తాను. ఒక కుర్రాడి మీద హత్య కేసులో పన్నెండుమంది జ్యూరర్లు తీర్పు తేల్చుకునే కథ. సిడ్నీ లుమెట్ తీసిన ఈ సినిమా దాదాపు అంతా ఒకే గదిలో నడుస్తుంది. అందరికీ గుర్తుండేది పదో నంబరు జ్యూరర్ సీను. ముద్దాయి కుర్రాడి లాంటి 'ఆ జనం' ఎలాంటివాళ్ళో చెప్పడం మొదలుపెడతాడు. చెబుతున్నకొద్దీ గొంతు పెరుగుతుంది. ఒక్కొక్కరే కుర్చీలోంచి లేచి వీపు తిప్పుకుని నిలబడతారు. అతను మాత్రం వినండి, వినండి అంటూనే ఉంటాడు. చివరికి ఇంకో జ్యూరర్, విన్నాను, ఇక కూర్చో, మళ్ళీ నోరు తెరవకు అంటాడు. గొప్ప సీను, సందేహం లేదు. కుర్రాడిది ఏ జాతో సినిమా ఎక్కడా చెప్పదు. మొదట్లో కొన్ని సెకన్లు ముఖం చూపిస్తుంది, అంతే.

కానీ నేను క్లాసులో ఆపేది ఇంకో సీను దగ్గర. ఐదో నంబరు జ్యూరర్ మురికివాడలో పెరిగినవాడు. బటన్ నొక్కితే తెరుచుకునే ఆ రకం కత్తిని అలవాటైనవాడు ఎలా పట్టుకుంటాడో, పొడిస్తే దెబ్బ కింది నుంచి పైకి ఎలా తగులుతుందో అతను చేసి చూపిస్తాడు. శవం మీద గాయం పై నుంచి కిందికి ఉంది. మిగతా పదకొండుమందికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. పేటలో పెరిగిన ఒక్క మనిషి ఆ గదిలో ఉండబట్టి సాక్ష్యం మారిపోయింది. అతను లేకపోతే? కుర్రాడి పక్షాన నిలబడే జ్యూరర్‌గా వేసిన హెన్రీ ఫోండా ఎంత మంచివాడైనా ఆ గాయం గురించి ఏం చెప్పగలడు?

అసలైన కోర్టులో మొదట పోయేది ఆ ఐదో నంబరు మనిషే. జ్యూరీ ఎంపికలో రెండు పక్షాలకూ కొంతమందిని కారణం చెప్పకుండా పక్కన పెట్టే హక్కుంటుంది. ఆ హక్కును రంగు చూసి వాడకూడదని 1986లో బాట్సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి ఏం జరుగుతోందంటే, అవతలివాళ్ళు అభ్యంతరం చెబితే రంగుతో సంబంధం లేని ఒక కారణం చెప్పాలి. కారణాలకేం కొదవ?

నా కేసు ఒకటి చెబుతాను. ఎవరికీ ఆనవాలు చిక్కకుండా వివరాలు కొంచెం మార్చాను. నడివయసు నల్లజాతి మహిళ, ఆస్పత్రిలో ఉద్యోగం. ప్రాసిక్యూటర్ మర్యాదగానే అడిగాడు, మీ కుటుంబంలో ఎవరైనా అరెస్టయ్యారా అని. చిన్నప్పుడెప్పుడో మేనల్లుడు అయ్యాడని చెప్పింది. ఆమెను తీసేశారు. నేను అభ్యంతరం చెప్పాను. కారణం అడిగితే, ఆమె నా వైపు చూడకుండా జవాబిచ్చింది, పైగా అరెస్టయిన బంధువు ఉన్నాడు అన్నాడు. అదే రోజు ఒక తెల్ల కుర్రాడు తన అన్న తాగి బండి నడిపి పట్టుబడ్డాడని చెప్పాడు. అతను జ్యూరీలో కూర్చున్నాడు. జడ్జిగారు నా అభ్యంతరాన్ని రికార్డులో రాయించి ముందుకు వెళ్ళిపోయారు. ఇదంతా కాఫీ బ్రేక్ కంటే తక్కువ సమయంలో ముగిసింది. ఆ ప్రాసిక్యూటర్ పదో నంబరు జ్యూరర్ లాంటివాడు కానే కాదు. ఆయనతో కలిసి భోజనం చేసిన రోజులున్నాయి. ఈ సీను తీస్తే ప్రేక్షకుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

ఇంకా నమ్మకం కలగకపోతే టిమొతీ ఫోస్టర్ కేసు చదవండి. 1987లో జార్జియాలో అంతా తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ అతనికి మరణశిక్ష వేసింది. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత ప్రాసిక్యూషన్ నోట్సు బయటికొచ్చాయి. జాబితాలో నల్లవాళ్ళ పేర్ల మీద ఆకుపచ్చ హైలైటర్ గీసి ఉంది. ఆ రంగు నల్లవాళ్ళను సూచిస్తుందని పక్కనే వివరణ కూడా రాసుకున్నారు. 2016లో సుప్రీంకోర్టు 7-1తో ఆ శిక్ష కొట్టేసింది. హైలైటర్ పెన్నుతో అంత పని జరిగిందంటే ఏ స్క్రిప్టు రైటరైనా నమ్మలేమని కొట్టిపారేస్తాడు.

'మాకింగ్‌బర్డ్' సంగతి

దీన్ని తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. తెల్ల లాయరు హీరో, నల్ల ముద్దాయి దేవుడిలా అతని వైపు చూడటం, బాల్కనీలో నల్లవాళ్ళంతా లేచి నిలబడటం, అన్నిటి మీదా విమర్శలున్నాయి. వాటిలో నిజం ఉంది. తెల్లమ్మాయి మీద అత్యాచారం చేశాడన్న తప్పుడు కేసులో ఇరుక్కున్న టామ్ రాబిన్సన్ చావు తెర మీద కూడా జరగదు, అతని లాయరు అటికస్ ఫించ్‌గా వేసిన గ్రెగరీ పెక్ నోటి వెంట వార్తగా వింటాం. ఆ కుటుంబం దుఃఖం కంటే ఫించ్ కుటుంబం దుఃఖం మనకు ఎక్కువ తెలుస్తుంది.

అయినా 1962 నాటి ఆ సినిమాలో ఒక చోటును నేను ఎవరికీ వదిలిపెట్టను. టామ్ ఎడమ చెయ్యి పనిచేయదు, ఆ అమ్మాయి మీది దెబ్బలు ఎడమచేతివాటం మనిషి కొట్టినవి అని కోర్టులో తేలిపోతుంది. గ్లాసు విసిరితే కుడిచేత్తో పట్టుకుంటాడు. అంతవరకూ అది మామూలు కోర్టు సినిమా. తర్వాత ప్రాసిక్యూటర్ అడుగుతాడు, ఆ అమ్మాయికి ఊరికే ఎందుకు పని చేసిపెట్టావు అని. ఆమెను చూసి జాలేసింది అంటాడు టామ్. అక్కడే కేసు పోతుంది. నువ్వు, ఒక తెల్లమ్మాయి మీద జాలిపడ్డావా? ప్రశ్నలో చట్టం లేదు, సాక్ష్యం లేదు. ఎవరు ఎవరి మీద జాలిపడాలో నిర్ణయించిన వరుస ఒకటి ఉంది, టామ్ దాన్ని దాటాడు. జ్యూరీ శిక్షించింది దానికే. కోర్టులో ముద్దాయి మాట ఎలా నిలబడాలి, ఎంత వినయంగా ఉండాలి, ఎక్కడ నోరు జారితే మీదపడతారు అన్న టెన్షన్ నా క్లయింట్లలో రోజూ చూశాను. బోనెక్కే ముందు వాళ్ళు నన్ను అడిగేవి చట్టం గురించి కాదు. గొంతు ఎలా ఉంచాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అని అడిగేవారు.

విచారణే జరగని కేసులు

కోర్టు సినిమాలన్నీ కలిసి జనానికి కలిగించిన పెద్ద అపోహ ఏమిటంటే, కేసులు విచారణతో తేలతాయని. ఫెడరల్ కోర్టుల్లో నూటికి 97, రాష్ట్ర కోర్టుల్లో నూటికి 94 శిక్షలు ముద్దాయి తానే నేరం ఒప్పుకోవడం వల్ల పడుతున్నాయని 2012లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో రాసింది. దీన్నే ప్లీ బార్గెయిన్ అంటారు. ఒప్పుకుంటే తక్కువ శిక్ష, విచారణకు వెళ్ళి ఓడిపోతే ఎన్నో రెట్లు ఎక్కువ.

మా ఆఫీసులో రోజూ ఇదే. కొద్దిపాటి డ్రగ్స్ దొరికాయని పట్టుకొచ్చిన కుర్రాడు. బెయిల్ డబ్బు కట్టలేక వారాలుగా జైల్లో ఉన్నాడు, ఉద్యోగం ఇవాళో రేపో పోయేలా ఉంది. సోదా చట్టప్రకారం జరగలేదని నేను వాదించగలను, గెలిచే అవకాశం కూడా ఉంది, కానీ దానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. ప్రాసిక్యూటర్ ఆఫర్: ఇవాళ ఒప్పుకుంటే ఇప్పటిదాకా ఉన్న రోజులే శిక్ష. కుర్రాడు నన్ను అడిగింది ఒకటే, "ఒప్పుకుంటే రాత్రికి ఇంట్లో ఉంటానా?" ఉంటావన్నాను. సంతకం పెట్టాడు. తర్వాతెప్పుడో ఇంకో చిన్న విషయంలో పట్టుబడితే ఈ సంతకమే పాత నేరం అవుతుంది, బెయిల్ పెరుగుతుంది, వచ్చే ఆఫర్ ఇంకా కఠినంగా ఉంటుంది. పోలీసు బండ్లు ఏ పేటలో ఎక్కువ తిరుగుతాయో ఆ పేట కుర్రాళ్ళకే ఈ మొదటి సంతకం త్వరగా పడుతుంది. జాతి అన్న మాట ఒక్క కాగితంలోనూ కనిపించదు.

దీన్ని పట్టుకున్న సినిమా 'ఇఫ్ బీల్ స్ట్రీట్ కుడ్ టాక్' (2018). బారీ జెంకిన్స్ దర్శకుడు. ఫానీ అనే కుర్రాడి మీద తప్పుడు కేసు, అతని కోసం ఎదురుచూసే అమ్మాయి కథ. విచారణ సీను కోసం చూస్తూ కూర్చుంటే అది రానే రాదు. ఫానీ చివరికి బేరానికే ఒప్పుకుంటాడు, కొడుకు పెరిగి పెద్దవాడవుతూ జైలు విజిటింగ్ రూములో తండ్రిని చూస్తుంటాడు. అంతకంటే ముందు డానియల్ అనే స్నేహితుడు వచ్చి ఫానీతో కూర్చుని మాట్లాడే సీను ఉంది. బీరు తాగుతూ నవ్వుతూ మొదలవుతుంది. కారు దొంగతనం కేసులో లోపలికెళ్ళాను, నాకసలు కారు నడపడమే రాదు అంటాడు. అరెస్టప్పుడు జేబులో గంజాయి ఉంది కాబట్టి, ఆ పెద్ద కేసుకు భయపడి దొంగతనం ఒప్పుకున్నాడు. తర్వాత నవ్వు ఆగిపోతుంది. జైల్లో ఏమేం జరిగిందో పూర్తిగా చెప్పడు. కెమెరా అతని ముఖం మీద అలాగే ఉంటుంది. ఇలా మధ్యలో మాట ఆగిపోయే మనుషుల్ని నేను చాలామందిని చూశాను. ఆ నటుడు బ్రయన్ టైరీ హెన్రీ ఉన్నది కాసేపే, సినిమా మొత్తానికి అదే నాకు గుర్తుండిపోయింది.

కెమెరా ఆన్ చేయని గంటలు

1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో జాగింగ్‌కు వెళ్ళిన ఒక మహిళ మీద దారుణమైన అత్యాచారం జరిగింది. 14 నుంచి 16 ఏళ్ళ మధ్య వయసున్న ఐదుగురు నల్లజాతి, లాటినో కుర్రాళ్ళను పట్టుకున్నారు. గంటల తరబడి ప్రశ్నించాక నలుగురి ఒప్పుకోలు వీడియో తీశారు. జ్యూరీ చూసింది ఆ వీడియోలను. అంతకు ముందు గదిలో జరిగినదేదీ రికార్డు కాలేదు. డీఎన్ఏ ఒక్కరితోనూ కలవలేదు, అయినా శిక్షలు పడ్డాయి. 2002లో అసలు నేరస్థుడు తానే చేశానని చెప్పడం, డీఎన్ఏ అతనితో సరిపోవడంతో శిక్షలు రద్దయ్యాయి. 2014లో నగరం వాళ్ళకు 4.1 కోట్ల డాలర్ల పరిహారం ఇచ్చింది. ఐదుగురిలో ఒకరైన యూసెఫ్ సలామ్ 2023లో అదే నగరం కౌన్సిల్‌కు ఎన్నికయ్యాడు.

ఏవా డువెర్నే తీసిన 'వెన్ దే సీ అస్' (2019) నాలుగు భాగాల సిరీస్, సినిమా కాదు, అయినా ఇక్కడ చెప్పక తప్పదు. అది ముఖ్యంగా చూపించేది ఆ రికార్డు కాని గంటలనే. ఒకే ఒప్పుకోలును కుర్రాళ్ళ నోట ముక్కముక్కలుగా ఎలా తయారు చేశారో మొదటి భాగంలో ఉంది. తండ్రి కొడుకును, వాళ్ళు చెప్పమన్నది చెప్పెయ్యి, ఇంటికెళ్దాం అని బతిమాలే చోట క్లాసులో ఎవరూ కదలరు. వీడియో చూస్తే అబద్ధం ఆడుతున్నట్టు లేదు కదా అని అడిగే విద్యార్థులకు నేను వేరే జవాబు చెప్పను, ఆ భాగం పెట్టేస్తాను. నాలుగో భాగం కోరీ వైజ్‌ది. పోలీసులు వెతికినవాళ్ళలో అతని పేరే లేదు, స్నేహితుడికి తోడుగా స్టేషన్‌కు వెళ్ళాడు. పదహారేళ్ళు నిండాయి కాబట్టి పెద్దల జైలుకు వెళ్ళాడు, అందరికంటే ఎక్కువకాలం లోపలున్నాడు.

అందరూ నిర్దోషులే ఎందుకు?

ఇది నాకు ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు. టామ్ రాబిన్సన్ నిర్దోషి, ఫానీ నిర్దోషి, 'జస్ట్ మెర్సీ' వాల్టర్ మెక్‌మిలియన్ నిర్దోషి. వివక్ష జరిగిందని ప్రేక్షకుడు నమ్మాలంటే ముద్దాయి కడిగిన ముత్యంలా ఉండాలి. నా క్లయింట్లలో ఎక్కువమంది ఏదో ఒకటి చేసినవాళ్ళే. వివక్ష వాళ్ళకు ఎదురయ్యేది నేరం చేశారా లేదా అన్నచోట కాదు, శిక్ష ఎంత అన్నచోట. 1986 చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్ (పొడి కొకైన్ నుంచే చేసే, పొగలా పీల్చే రకం) దగ్గరుంటే పడే కనీస శిక్ష పొడి కొకైన్‌కు 500 గ్రాములుంటేనే పడేది. క్రాక్ కేసుల్లో పట్టుబడినవాళ్ళలో అత్యధికులు నల్లవాళ్ళు. 2010లో ఆ నిష్పత్తిని 100:1 నుంచి 18:1కి తగ్గించారు. తగ్గించారు, సమానం చేయలేదు.

అందుకే 'జస్ట్ మెర్సీ' (2019)లో నాకు నచ్చింది మెక్‌మిలియన్ కథ కంటే హెర్బర్ట్ రిచర్డ్‌సన్ కథ. వియత్నాం యుద్ధంలో పనిచేసి మనసు దెబ్బతిన్న మనిషి. అతను పెట్టిన బాంబు వల్ల ఒక బాలిక చనిపోయింది. తాను చేసింది అతను దాచడు. మరణశిక్ష అమలు చేసే రాత్రి పక్క గదుల్లోని ఖైదీలు కప్పులతో ఊచల మీద కొడుతుంటారు, ఒంటరిగా వెళ్ళడం లేదని అతనికి వినపడాలని. సినిమా ఇక్కడ తప్పించుకోలేదు. నేరం చేసిన మనిషి గురించి కూడా మీరేమనుకుంటారో చెప్పండి అని అడిగింది.

మెక్‌మిలియన్ కేసు నిజంగానే జరిగింది, పెంచి చూపించారా అన్న మీ ప్రశ్నకు అది మంచి జవాబు. 1986లో అలబామాలోని మన్రోవిల్‌లో ఒక తెల్ల యువతి హత్య జరిగింది. ఆ సమయానికి అతను ఇంటి దగ్గర విందులో ఉన్నాడని చాలామంది సాక్షులు చెప్పారు. వాళ్ళంతా నల్లవాళ్ళు. వాళ్ళ మాట పక్కన పెట్టి, తర్వాత తాను అబద్ధం చెప్పానని ఒప్పుకున్న ఒక నేరస్థుడి మాట నమ్మారు. విచారణ కూడా మొదలవకముందే అతన్ని మరణశిక్ష పడ్డ ఖైదీలుండే డెత్ రోలో పెట్టారు. 1988లో జ్యూరీ యావజ్జీవం చాలంటే, జడ్జి దాన్ని పక్కన పెట్టి మరణశిక్ష వేశాడు. అలబామాలో జడ్జికి ఆ అధికారం 2017 దాకా ఉంది. అతను 1993లో విడుదలయ్యాడు. మన్రోవిల్ 'మాకింగ్‌బర్డ్' రచయిత్రి హార్పర్ లీ సొంత ఊరు. ఆ నవల పేరు చెప్పుకుని గర్వపడే ఊరే ఈ పని చేసింది. సినిమాలో అక్కడివాళ్ళు కేసు కోసం వచ్చిన నల్ల లాయరుకు ఊళ్ళోని 'మాకింగ్‌బర్డ్' మ్యూజియం చూసి వెళ్ళమని చెబుతారు. దర్శకుడు దాన్ని సాగదీయకుండా అక్కడితో వదిలేశాడు, బాగా చేశాడు.

నిజకథ అన్నప్పుడు జాగ్రత్త

విలన్ అవసరం నిజాన్ని ఎలా వంచుతుందో చూడాలంటే 'ది హరికేన్' (1999). బాక్సర్ రూబిన్ కార్టర్ మీద హత్య కేసు, దాదాపు రెండు దశాబ్దాల పోరాటం, 1985లో ఫెడరల్ జడ్జి శిక్షలు కొట్టేయడం అన్నీ నిజం. ఆ జడ్జి ప్రాసిక్యూషన్ జాతి విద్వేషాన్ని వాడుకుందనీ, సాక్ష్యం దాచిపెట్టిందనీ స్పష్టంగానే రాశాడు. సినిమాకు అది చాలలేదు. చిన్నప్పటి నుంచి హీరో వెంటపడే ఒక డిటెక్టివ్‌ను కల్పించింది. మొత్తం పాపం అతని నెత్తిన పెట్టేసరికి మిగతావాళ్ళంతా బయటపడ్డారు. ఒక బాక్సింగ్ పోటీలో జడ్జీలు జాతి చూసి కార్టర్‌ను ఓడించారన్నట్టు కూడా తీశారు. నిజంగా గెలిచిన బాక్సర్ జోయీ జార్డెల్లో దావా వేశాడు, కోర్టు బయట రాజీ అయింది. డెంజెల్ వాషింగ్టన్ నటన కోసం చూడండి, చరిత్ర కోసం వద్దు.

తగ్గించి చూపిస్తారు అన్నానే, దానికి 'ద ట్రయల్ ఆఫ్ ద షికాగో 7' (2020). 1969లో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు బాబీ సీల్‌ను తన లాయరు కావాలని, లేకపోతే తన వాదన తాను చెప్పుకుంటానని పట్టుబట్టినందుకు జడ్జి కోర్టు హాల్లోనే కుర్చీకి కట్టించి నోటికి గుడ్డ కట్టించాడు. సినిమాలో అది కాసేపు జరుగుతుంది, ప్రాసిక్యూటరే చలించిపోతాడు, వెంటనే అతని విచారణ రద్దవుతుంది. నిజంలో రోజుల తరబడి జరిగింది. నోరు కట్టేసిన మనిషి పక్కన ఉండగానే సాక్షులు వచ్చి చెప్పి వెళ్ళారు. నాకు భయం కలిగించేది ఆ అలవాటుపడిన కోర్టు హాలు. సినిమా దాన్ని వదిలేసుకుంది.

నల్లవాళ్ళను తెల్ల హీరో వచ్చి కాపాడే 'తెల్ల రక్షకుడి' సినిమాల గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్పేశారు. 'మిసిసిపీ బర్నింగ్' (1988)లో 1964 నాటి ఉద్యమకారుల హత్యల దర్యాప్తు ఎఫ్‌బీఐ వీరుల కథ అయిపోయింది. నల్లవాళ్ళు భయంతో చూస్తూ నిలబడేవాళ్ళుగా మిగిలారు. దీనికి భిన్నంగా 'మార్షల్' (2017) చూడొచ్చు. తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన నల్లజాతి లాయరు థర్గుడ్ మార్షల్‌ను కనెక్టికట్ జడ్జి కోర్టులో నోరు విప్పనివ్వనట్టు సినిమా చూపిస్తుంది. పక్కన కూర్చుని ఇంకో లాయరుతో వాదింపజేయాల్సి వస్తుంది. కేసు మాత్రం నిజంగా జరిగిందే.

అమెరికా బయటిది ఒక్కటి

స్టీవ్ మెక్వీన్ 'మాంగ్రోవ్' (2020) లండన్ కథ. నాటింగ్ హిల్‌లో ఫ్రాంక్ క్రిచ్‌లో నడిపిన రెస్టారెంటు మీద పోలీసులు పదేపదే దాడులు చేశారు. 1970లో నిరసన ఊరేగింపు, ఆ తర్వాత తొమ్మిదిమంది మీద కేసు. ఒక దాడి అయిపోయాక కెమెరా వంటగదిలో కిందపడిన చిల్లుల గిన్నె మీద ఆగిపోతుంది. అది ఊగుతూ ఊగుతూ నిలబడేదాకా కదలదు. పోలీసులు ఏం చేశారో ఆ గిన్నె చెబుతుంది. ముద్దాయిల్లో ఇద్దరు తమ కేసు తామే వాదించుకున్నారు. జ్యూరీలో అందరూ నల్లవాళ్ళే ఉండాలని అడిగారు, కుదరలేదు. అడిగిన కారణం మాత్రం కోర్టు రికార్డులోకి ఎక్కింది. 1971లో అల్లర్ల అభియోగం మీద తొమ్మిదిమందీ బయటపడ్డారు, చివర్లో జడ్జి రెండు వైపులా జాతి విద్వేషం ఉందనడంతో అది పోలీసులకూ తగిలింది. జ్యూరీ ఎంపికను కథలో భాగం చేసిన అరుదైన సినిమా కాబట్టి నా జాబితాలో ఇది పైన ఉంటుంది.

ఒక మాట చెప్పకపోతే నిజాయితీ అనిపించుకోదు. కోర్టులో జరిగే ప్రతి అన్యాయం రంగు వల్లే కాదు. డబ్బులేని తెల్ల క్లయింట్లు కూడా నా దగ్గర ఇవే సంతకాలు పెట్టారు. రంగు, పేదరికం రెండూ కలిసినప్పుడు ఏది ఎంతో ఒక్క కేసులో విడదీసి చెప్పలేం. వందల కేసులు పక్కపక్కన పెడితేనే కనిపిస్తుంది. సినిమా ఒక్క కేసే చెప్పగలదు.

చూసే వరుస అడిగారు కదా. మీరు చూసినవి వదిలేస్తే, మొదట 'వెన్ దే సీ అస్' మొదటి భాగం, అది రాత్రి చూడకండి, నిద్రపట్టదు. తర్వాత 'బీల్ స్ట్రీట్', ఓపిగ్గా. తర్వాత 'మాంగ్రోవ్'. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ రైలు స్టేషన్‌లో 2009 కొత్త సంవత్సరం నాడు పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆస్కార్ గ్రాంట్ చివరి రోజు మీద తీసిన 'ఫ్రూట్‌వేల్ స్టేషన్' (2013) కోర్టు సినిమా కాదు, కానీ కేసు అనేది ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. చివర్లో '13త్' (2016) డాక్యుమెంటరీ. బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ రాజ్యాంగ సవరణలోనే, నేరానికి శిక్షగా తప్ప అన్న మినహాయింపు ఉంది. అక్కడి నుంచి జైళ్ళు నిండిపోయిన ఇప్పటి రోజుల దాకా గంటన్నర పైచిలుకులో పరుగెత్తిస్తుంది. వేగం ఎక్కువ, ఒక్కో వాక్యం వెనక ఒక్కో చట్టం ఉంటుంది. పాజ్ నొక్కి ఆ చట్టాల పేర్లు రాసుకుంటూ చూడండి, సందేహాలొస్తే ఇక్కడే కింద అడగండి.